ఒంగోలు మీదుగా పోయిన గీత

ఆ ఉదయం పేపరు ఇంకా గుమ్మం దగ్గరే ఉంది. టీ తాగుతుండగా ఫోన్ మోగింది. హైమవతి.

"సార్, ఆ గీత ఎవరు గీసినారు?"

"ఏ గీతమ్మా?"

"మొదటి పేజీలో మ్యాప్ మీద గీత. నేనిచ్చింది నాగపూర్ మీద పోతాది. మీరేసింది ఒంగోలు మీద పోతాంది. కింద నా పేరుండాది."

పేపరు తెచ్చి చూశాను. ఆమె చెప్పింది నిజమే. భూమిని ఢీకొనే అవకాశం కొద్దిగా ఉందని అప్పట్లో అందరూ మాట్లాడుకుంటున్న ఒక గ్రహశకలం, ఒకవేళ నిజంగానే వస్తే, ఎక్కడెక్కడ పడవచ్చో చూపించే ఎర్రగీత అది. అరేబియా సముద్రంలో మొదలై, ముంబై పక్కగా, నాగపూర్ మీదుగా కోల్‌కతా వైపు వెళ్ళాలి. మా పేపర్లో మాత్రం కర్ణాటకలో అడుగుపెట్టి, రాయలసీమ దాటి, ఒంగోలు దగ్గర సముద్రంలో దిగింది. దాని కింద చిన్న అక్షరాల్లో 'ఆధారం' అంటూ హైమవతి పేరు.

"శుక్రవారం కమిటీ కూర్చుంటాది సార్. కొండ మీది పెద్ద టెలిస్కోపు నాకిస్తారా లేదా అనేది ఆ పొద్దే తేలేది. ఈ మ్యాప్ మా పీహెచ్‌డీ గైడ్ కంట పడిందంటే దరఖాస్తు వెనక్కి తీసుకోమంటారు. దుమ్ము అణిగినాక మళ్ళా అడగొచ్చులే అంటారు. దుమ్ము అణిగేలోపల ఆ రాయి కనపడకుండా పోతాది సార్."

"నేను చూస్తానమ్మా" అన్నాను. పత్రికల్లో పనిచేసేవాళ్ళం ఎంతోమందికి ఈ మాట చెబుతాం. చాలాసార్లు ఆ మాటతోనే పని అయిపోతుంది కూడా. ఆ రోజు బుధవారం. శుక్రవారానికి మధ్యలో ఒక్క గురువారం మాత్రమే ఉంది.

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు ఢిల్లీ సాకేత్‌లో మా ఇంటికి వస్తుంటారు. ఏ మంత్రితో ఏం మాట్లాడారు, ఏ ప్రభుత్వం పడిపోతుందని ముందే ఎలా రాశారు అని అడుగుతారు. ఒక తెలుగు దినపత్రిక ఢిల్లీ బ్యూరోలో ఉద్యోగ జీవితమంతా గడిపినవాడిని కాబట్టి అలాంటి కథలు నా దగ్గర లేకపోలేదు. కానీ ఈ పని అసలు ఏమిటో చెప్పాలంటే నాకు ఆ వారమే గుర్తుకొస్తుంది.

మెస్సులో దొరికిన మనిషి

సైన్సు వార్త రాయడం మా బ్యూరోలో ఎవరి పనీ కాదు. ఏజెన్సీ నుంచి ఇంగ్లీషులో వస్తుంది, డెస్కు తెలుగు చేస్తుంది, మధ్యలో ఎవరికీ అర్థం కాదు. గ్రహశకలం వార్తలు మొదలైనప్పుడు పాఠకులకు తెలుగులో విడమరిచి చెప్పగల మనిషి కావాలని వెతికాను. మునిర్కాలో తెలుగు మెస్సు నడిపే ఆయన్ని అడిగితే, "ఉంది సార్, ప్రొద్దుటూరు అమ్మాయి. నక్షత్రాలు చూస్తాదంట. పప్పులో ఉప్పు తక్కువైతే మాత్రం కిందకే చూస్తాది" అన్నాడు.

ఆ అమ్మాయే హైమవతి. దక్షిణ ఢిల్లీలో ఒక పరిశోధన సంస్థలో పీహెచ్‌డీ చేస్తోంది. మునిర్కాలో ఒక ఇరుకు సందు, అయిదో అంతస్తు, డాబాకు ఆనుకున్న గది. గ్రహశకలాల వెలుగు ఎలా హెచ్చుతగ్గులవుతుందో కొలవడం ఆమె పని.

ఆ రాయి దారి గురించి ఆమె చెప్పింది నేను చాలామందికి మళ్ళీ చెప్పాను. అది సూర్యుడి చుట్టూ గుండ్రంగా కాకుండా, కోడిగుడ్డులా సాగిన కక్ష్యలో తిరుగుతుంది. ఒక చివర భూమి తిరిగే దారికన్నా కాస్త లోపలికి వస్తుంది. రెండో చివర అంగారకుడిని దాటి గురుగ్రహం వైపు పోతుంది. ఒక చుట్టుకు నాలుగేళ్ళకు దగ్గరగా పడుతుంది. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ మన దారిని దాటాలి కనుక, ఎప్పుడో ఒకప్పుడు ఇద్దరం ఒకేసారి అక్కడికి చేరతామా అన్నదే ప్రశ్న. అది మన కంటపడింది కూడా మన పక్కనుంచి వెళ్ళిపోతూ ఉండగానే. అంటే చూడటం మొదలుపెట్టిన రోజు నుంచీ అది దూరమవుతూ, మసకబారుతూనే ఉంది.

"ఎంత పెద్దది?" అని అడిగాను. మా ఎడిటర్‌కి ఏ కొలతయినా కుతుబ్ మినార్‌తో పోల్చి చెప్పాలి. వరదనీరయినా, చెత్తగుట్టయినా అంతే.

"నల్లగా బొగ్గు మాదిరి ఉంటే కుతుబ్ మినార్ అంత సార్. తెల్లగా ఉంటే అందులో సగం. మనకు కనపడేది వెలుతురు ఒక్కటే. పెద్ద నల్లరాయీ చిన్న తెల్లరాయీ ఒకే మాదిరి కనపడతాయి."

"ఏదో ఒకటి చెప్పమ్మా, హెడ్డింగ్ పెట్టాలి."

"'కుతుబ్ మినార్ అయినా కావచ్చు, కాకనూపోవచ్చు' అని పెట్టండి" అని, మజ్జిగ గ్లాసు తీసుకుంది.

మంచులో బస్సు

రోజులు గడిచేకొద్దీ ఢీకొనే శాతం పెరుగుతూ వచ్చింది. మేం రోజూ 'పెరిగిన ముప్పు' అని వేశాం. హైమవతి ఒక పొద్దున నన్ను మునిర్కా బస్టాపు దగ్గర నిలబెట్టి, నిండా మంచు పట్టిన ఔటర్ రింగ్ రోడ్డు చూపించింది.

"బస్సు ఏ రోడ్డు మీద వస్తాదో మీకు తెలుసు కదా సార్. రోడ్డులో అనుమానం లేదు. సరిగ్గా ఎనిమిదింటికి అది రోడ్డు మీద ఎక్కడ ఉంటాదనేదే తెలీదు. ఈ రాయి సంగతీ అంతే. దారి తెలుసు, దారి మీద చోటు సరిగా తెలీదు. అందుకే మేం వెతికే జాగా సన్నగా, పొడుగ్గా ఉంటాది. ఆ పొడుగు భూమికి అడ్డంగా పడితే గీత మాదిరి వస్తాది. మీరు అడగతాండే మ్యాప్ అదే."

"మరి శాతం ఎందుకు పెరుగుతోంది? దగ్గరికి వస్తోందా?"

"మంచు తగ్గతాంది సార్, అంతే. పొద్దున, బస్సు ఈ ఊర్లో ఏడైనా ఉండొచ్చు అన్యాం. ఇప్పుడు హౌజ్ ఖాస్‌కీ ఆర్.కె.పురానికీ నడుమ ఉండాది అంటాండాం. మునిర్కా ఆ నడుమనే ఉండాది కదా? వెతికే జాగా చిన్నదయ్యేకొద్దీ మునిర్కా వాటా పెరగతాది. ఇంకాస్త మంచు విడిస్తే బస్సు స్టాపులో లేదని తేలిపోతాది. శాతం ఒక్కసారిగా సున్నా అయిపోతాది. చాలాసార్లు జరిగేది ఇదే."

ఆ మాట నేను రాశాను. డెస్కు దాన్ని చివరి పేరాగా ఉంచింది. చోటు చాలనప్పుడు కోసేది చివరి పేరానే. పైన 'పెరిగిన ముప్పు' అలాగే ఉండిపోయింది. ఇందులో దురుద్దేశం ఏమీ లేదు. పెరిగిన అంకెకు హెడ్డింగ్ పెట్టడం సులభం. కొలత మెరుగుపడింది అనే వార్తకు హెడ్డింగ్ పెట్టడం మా ఎవరికీ చేతకాలేదు. కొత్తగా వచ్చేవాళ్ళు నేర్చుకోదగిన పని అది.

బుధవారం ఫోన్లు

మ్యాప్ పడిన రోజు ఆఫీసుకు చేరేసరికి ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఆ పేజీ ఢిల్లీలో తయారై అన్ని ఎడిషన్లకూ వెళ్ళింది. ఒంగోలులో మా విలేకరి అప్పటికే ఒక అధికారి దగ్గరికి వెళ్ళి ముందస్తు ఏర్పాట్ల గురించి అడిగాడు. ఆయన పరిశీలిస్తామన్నాడు. మరుసటి రోజు జిల్లా పేజీకి అదొక వార్త. నేను ఫోన్ చేసి ఆపించాను. "సార్, ఆయన పరిశీలిస్తామన్నది నిజమే కదా" అని వాడు నొచ్చుకున్నాడు.

ఆ ఫోన్లలో ఒకటి మాత్రం మరచిపోలేను.

"అంకుల్, కరోల్ బాగ్ నుంచి చేస్తన్నా. సివిల్స్‌కి చదువుతున్నా. మాది ఒంగోలు పక్కనే. పొద్దున మా అమ్మ ఫోన్ చేసి, ఆ రాయి పడే రోజు ఇంటికి రావద్దంటంది."

"ఆ రోజుకింకా ఏళ్ళున్నాయి కదమ్మా."

"అదే అంకుల్. అప్పటికి ఏ జిల్లాకి కలెక్టరుగా ఉంటావో, ఆడనే ఉండు, సెలవు పెట్టి రాబాకు అంటంది." నవ్వింది. "నేను ఇంతవరకూ ప్రిలిమ్స్ కూడా దాటలా. ఇది ఆఖరి అటెంప్టు. మా అమ్మ చూడండి, రాయి పడుద్దనీ నమ్మింది, నేను కలెక్టరవుతాననీ నమ్మింది. రెండూ ఒకే ఫోన్‌లో."

గీత తప్పుగా పడిందనీ, ఒంగోలు దాని మీద లేదనీ చెప్పాను.

"మరి శాతం?"

"అది ఉంది. చాలా చిన్నది."

"నేను సెలెక్టయ్యే శాతం కంటే పెద్దదేలే అంకుల్. అంత చిన్నదాన్ని నమ్ముకునే కదా ఇన్నేళ్ళు ఇక్కడ గది తీసుకుని ఉన్నా. చిన్నదని తీసిపారేయబాకండి."

అప్పటివరకూ శాతం అంటే నాకు హెడ్డింగ్‌లో అంకె. ఆ అమ్మాయికి అందులోనే కాపురం.

మధ్యాహ్నానికి హైమవతి మళ్ళీ ఫోన్ చేసింది. ఆ మ్యాప్ ఫొటో అప్పటికి ఎన్నో చేతులు మారి ఆమె గైడ్‌కి చేరింది. ఆయన కోప్పడలేదట. చాలా మెల్లగా మాట్లాడాడట. ఊరు తప్పు చెప్పిన మనిషికి టెలిస్కోపు ఎలా ఇప్పించమంటావు అన్నాడట. శుక్రవారం ఉదయానికి పత్రిక తన తప్పని అచ్చులో ఒప్పుకుంటే దరఖాస్తు ఉంచుతాడు. లేకపోతే వెనక్కి తీసుకోవాల్సిందే.

"ఆ టెలిస్కోపు అంత అవసరమా?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"దాని దారి వేరేవాళ్ళు కొలుస్తాండారు సార్. అది ఎట్ల తిరగతాందో కొలిచేది నేను. చిన్న టెలిస్కోపుల్లో ఇప్పటికే ఆనడం లేదు. ఈసారి తప్పిందంటే నాలుగేండ్లు. నా ఫెలోషిప్పు అంతవరకూ ఉండదు."

తివారీజీ నియమం

సాయంత్రం నోయిడాలో ప్రెస్సుకు వెళ్ళాను. మంగళవారం ఆఫీసులో నేను చూసి పంపిన పేజీలో గీత సరిగ్గానే ఉంది. ఆ తర్వాత ఏం జరిగిందో తివారీజీకే తెలియాలి.

తివారీజీది ఉత్తరప్రదేశ్‌లో బలియా వైపు. మా ఢిల్లీ పేజీలన్నీ ఆయనే పెడతాడు. తెలుగు ఒక్క అక్షరం రాదు. 'ఆప్‌కీ జలేబీ', మీ జిలేబీ, అంటాడు మన లిపిని. హెడ్డింగ్‌ని దాని ఆకారం చూసి గుర్తుపడతాడు, ఫొటోని వార్త పొడవును బట్టి పెడతాడు. బయటివాళ్ళకు వింతగా ఉంటుంది గానీ, ఢిల్లీలో ఎన్నో భాషల పేపర్లు ఇలా చదవడం రానివాళ్ళ చేతుల మీదుగానే తయారవుతాయి. వాళ్ళు పెట్టే పేజీలు చదివేవాళ్ళు పెట్టేవాటికన్నా చూడముచ్చటగా ఉంటాయి కూడా.

నేను వెళ్ళేసరికి ఆయన టీ గ్లాసు పట్టుకుని స్క్రీన్ వైపు చూస్తున్నాడు. విషయం అప్పటికే తెలిసినట్టుంది.

"రావ్ సాబ్, గల్తీ క్యా హుయీ?" అన్నాడు. తప్పు జరిగిందని తెలుసు, ఏమిటో తెలియదు.

చెప్పాను. ఆయన పాత పేజీ తెరిచి జరిగింది చూపించాడు. పేజీ వెళ్ళే ముందు ఒక కోచింగ్ సంస్థ ప్రకటన వచ్చింది. దానికి చోటివ్వడానికి మ్యాప్‌ని కుదించాడు. మ్యాప్ చిన్నదైంది, ఊళ్ళ పేర్లు మాత్రం చదవడానికి వీలుగా ఉండాలి కనుక అదే సైజులో ఉన్నాయి. దాంతో ముంబై, నాగపూర్, కోల్‌కతా పేర్లు గీత మీదకు వచ్చేశాయి. గీత వాటిని కొట్టేసినట్టుగా ఉంది.

"హర్ఫ్ పర్ లకీర్ నహీ చఢ్తీ, సాబ్" అన్నాడు. అక్షరం మీద గీత ఎక్కకూడదు. జిగురుతో కాగితం ముక్కలు అంటించి పేజీ కట్టే రోజుల్లో ఉస్తాదు నేర్పిన మొదటి నియమమట. "మీ పేరు మీద ఎవరైనా గీత గీస్తే మీరు ఊరుకుంటారా? అందుకని దాన్ని కొంచెం కిందికి జరిపాను, ఖాళీ ఉన్నచోటికి. అక్కడ ఏ పేరూ లేదు."

హైదరాబాద్‌కీ చెన్నైకీ మధ్య మ్యాప్‌లో పేరు లేని ఖాళీ. అక్కడ ఒంగోలు ఉంది.

నాకు కోపం రాలేదు. చదవడం రాని అక్షరాల మీద ఆయనకున్న మర్యాద చదవగల మాలో ఎందరికి ఉంది? అయితే ఒక మాట చెప్పాలి. మర్యాదతో చేసిన తప్పు కూడా తప్పే. ఆ పేజీని ఆయన తర్వాత ముగ్గురు చూశారు. ముగ్గురూ తెలుగు వచ్చినవాళ్ళే. మాటల్లో అచ్చుతప్పులు వెతికారు, గీతను ఎవరూ చదవలేదు. మా వృత్తిలో బొమ్మ అంటే చోటు నింపేదనే అభిప్రాయం ఇప్పటికీ పోలేదు.

ఎడిటర్

మా ఎడిటర్ హైదరాబాద్‌లో ఉంటారు. మంచివారు. ఆయన దగ్గర పనిచేసినంత కాలం నా వార్తను ఎవరి ఒత్తిడికీ ఆపలేదు. ఆయనకు నచ్చనిది ఒకటే, సవరణ.

"రావు గారూ, సవరణ వేయడమంటే తప్పును రెండోసారి అచ్చేయడమండీ. నిన్న చూడనివాడు కూడా ఇవాళ చూస్తాడు. లోపలి పేజీలో నాలుగు లైన్లు పడేయండి, సరిపోద్ది."

"మాట తప్పితే మాటల్లో సవరిద్దామండీ. తప్పింది బొమ్మ. నాలుగు లైన్లు చదివి ఎవరూ బుర్రలోంచి బొమ్మ తీసేసుకోలేరు. ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతున్నది మ్యాపే."

"ఆ అమ్మాయి ఎవరు, మీ చుట్టాలా?"

"కాదండీ. మన మ్యాప్ కింద పేరున్న మనిషి."

"ఒంగోలు వాళ్ళు నన్నూ తినేస్తన్నారండీ" అన్నారు. "మా వియ్యంకుడిది ఆ ఊరే. సరే, మొదటి పేజీలోనే వేయండి. కానీ ఆ ప్రకటన వారమంతా అక్కడే ఉండాలి. దాన్ని అంగుళం కదిపినా నేను ఒప్పుకోను."

ఆయన్ని కదిలించింది నా వాదన అని చాలాకాలం అనుకున్నాను. వియ్యంకుడే అయి ఉంటాడు. మంచి పని ఏ కారణం మీద జరిగినా జరగనివ్వాలి. ఎడిటర్లతో వాదించేటప్పుడు గెలిచింది ఎవరని లెక్క చూసుకోకూడదు.

పేరు జరుగుతుంది

గురువారం మధ్యాహ్నం హైమవతి మెట్రో ఎక్కి నోయిడా వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. తివారీజీ లేచి తన కుర్చీ చూపించాడు.

"బైఠో బేటీ. నా వల్లే కదా ఇదంతా."

ఆమెకు హిందీ బాగానే వచ్చు. నా వైపు ఒకసారి చూసి కూర్చుంది. మొదట చోటు చూసుకోవాలి. ప్రకటన కదలకూడదు. మ్యాప్‌ని మళ్ళీ కుదిస్తే పాత గొడవే. తివారీజీ పేజీ పైభాగాన, పత్రిక పేరు కింద, అడ్డంగా ఒక పట్టీ చూపించాడు. వెడల్పు పూర్తిగా, ఎత్తు తక్కువ.

"గీత కోసం దేశమంతా ఎందుకు? ఈ సముద్రం నుంచి ఆ బెంగాల్ దాకా చాలు. పొడుగు పట్టీ."

"మరి ఒంగోలు?" అంది హైమవతి.

"ఒంగోలు గీత మీద లేదంటున్నావు కదా. లేని ఊరిని ఎందుకు పెట్టాలి?"

"లేదని చూపించడానికే భయ్యా. కనపడకపోతే వాళ్ళెట్లా నమ్ముతారు?"

ఆయన ఆలోచించి, పట్టీని కొంచెం కిందికి లాగాడు. మా వార్త ఒకటి లోపలి పేజీకి పోయింది. అది నేను రాసిందే, ఒక మంత్రి పర్యటన. దేశం ఏమీ నష్టపోలేదు. దిగువన ఒంగోలు అని ఒక చుక్క పడింది. దానికీ ఎర్రగీతకూ మధ్య చాలా జాగా ఉంది.

తర్వాత గీత. ఆమె తన ల్యాప్‌టాప్‌లో అక్షాంశ రేఖాంశాలు చూస్తూ ఒక్కో బిందువూ చెప్పింది, ఆయన పెట్టాడు. నాగపూర్ దగ్గరికి రాగానే గీత వెళ్ళి పేరు మీద ఎక్కింది. తివారీజీ చెయ్యి ఆగిపోయింది. మౌస్‌ని గీత మీదికి తీసుకెళ్ళి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

"అక్షరం మీదికి వస్తోంది" అన్నాడు. అడుగుతున్నట్టు అన్నాడు.

"పేరు జరపండి భయ్యా. నాగపూర్ అనే మాట ఇటు రాసినా అటు రాసినా ఊరు ఆడనే ఉంటాది. గీత మాత్రం జరపకూడదు."

"నామ్ హటేగా, లకీర్ నహీ" అని తనలో తాను అనుకున్నాడు. పేరు జరుగుతుంది, గీత జరగదు. పేరును పక్కకు జరిపాడు. గీత దారికి అడ్డు తొలగింది, ఉస్తాదు నియమమూ నిలబడింది. ఆ తర్వాత గీతనూ మ్యాప్‌నూ కలిపి తాళం వేశాడు, ఒకటి కదిలితే రెండోది కూడా కదిలేలా. నేను రిటైరయ్యేదాకా ప్రతి మ్యాప్‌కీ ఆ పని చేయడం చూశాను.

సవరణ మాటలు నేను రాశాను. గీత తప్పుగా పడిందనీ, తప్పు పత్రికదేననీ, పరిశోధకురాలు ఇచ్చిన వివరాలు మొదటి నుంచీ సరిగ్గానే ఉన్నాయనీ. తివారీజీ దాన్ని హిందీలో చెప్పమన్నాడు. చెప్పాను.

"'పత్రిక' అని రాశారు. నా పేరు రాయలేదే?"

"పత్రిక అంటే మనందరం, తివారీజీ."

"అచ్ఛా. ఠీక్ హై" అన్నాడు. తర్వాత హైమవతికి టీ తెప్పించాడు, అల్లం ఎక్కువ వేయించి.

సగం

శుక్రవారం ఉదయం పట్టీ మొదటి పేజీలో పడింది. గైడ్ దరఖాస్తు ఉంచాడు. సాయంత్రం కమిటీ నిర్ణయం వచ్చింది. ఆమె అడిగినదాంట్లో సగం సమయం ఇచ్చారు, అదీ చంద్రుడి వెలుగు ఎక్కువగా ఉండే రోజుల్లో. మిగతా సగం మ్యాప్ వల్ల పోయిందా, మామూలుగానే పోయిందా అన్నది ఎవరూ చెప్పలేదు. కారణం రాయడం కమిటీల అలవాటు కాదు. "రానిదానికన్నా సగం మేలు కదా సార్" అంది. గొంతు వింటే అలా అనుకుంటున్నట్టు లేదు.

ఆ వచ్చిన సగంలో కూడా కొంత మబ్బులు మింగేశాయి. అయినా ఆమెకు ఒకటి దొరికింది. రాయి ఎంత సేపటికి ఒకసారి తిరుగుతుందో తేలింది. వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉన్న తీరును బట్టి, అది గుండ్రటి రాయి కాదు, బంగాళదుంపలా పొడుగ్గా ఉందని కూడా తెలిసింది.

కొద్దిరోజుల్లో వేరే దేశాల టెలిస్కోపుల కొలతలు కలిశాయి. మంచు విడిపోయింది. బస్సు స్టాపులో లేదు. శాతం సున్నా అయింది. మా పేపర్లో ఆ వార్త లోపలి పేజీలో సింగిల్ కాలమ్. పెరిగినన్నాళ్ళూ మొదటి పేజీ, తగ్గినప్పుడు సింగిల్ కాలమ్. నేను గట్టిగా పోట్లాడి ఉంటే రెండు కాలమ్‌లు అయ్యేదేమో. ఈ ఒక్క లెక్క సరిచేయగలిగితే కొత్తవాళ్ళు మాకన్నా మంచి పత్రిక తెస్తారు. కరోల్ బాగ్ అమ్మాయి ఆ సింగిల్ కాలమ్ చూసిందో లేదో తెలియదు. మళ్ళీ ఫోన్ చేయలేదు.

మిగిలింది

ఎండాకాలంలో ఒకసారి హైమవతి గదికి వెళ్ళాను. పొద్దుగూకినా పైకప్పు నుంచి వేడి దిగుతూనే ఉంది. కూలర్ పక్కన కూర్చుని ఆ రాయి తిరిగే దిక్కు ఎందుకు ముఖ్యమో చెప్పింది.

"ఈ డాబా చూడండి సార్. పగలంతా ఎండ తాగి, ఎండ పోయినాక వేడి కక్కుతాది. ఆ రాయీ అంతే. వేడెక్కిన వైపు అవతలికి తిరిగినాక వేడి వదులుతాది. ఆ వేడి పోతా పోతా రాయిని ఒక రవ్వ నెడతాది. ఊదినంత కూడా ఉండదు. అయితే ఏండ్ల తరబడి నెడతానే ఉంటాది కదా, దారే మారిపోతాది. రాయి ఏ పక్కకు తిరగతాందో తెలిస్తే అది ముందుకు నెడతాందో వెనక్కు నెడతాందో తెలుస్తాది."

"ఏ పక్కకు తిరుగుతోంది మరి?"

"వేగం తెలిసింది సార్. దిక్కు తెలీలేదు. అడిగినన్ని రోజులు ఇచ్చింటే తెలిసేదేమో. ఇచ్చినా తెలీకపోయేదేమో."

ఆమె దిక్కు గురించిన అధ్యాయాన్ని అటా ఇటా తేల్చకుండా రెండు జవాబులతోనే రాసి థీసిస్ సమర్పించింది. డిగ్రీ వచ్చింది. ఇప్పుడు పుణె దగ్గర పనిచేస్తోంది. తివారీజీ ఊరికి వెళ్ళిపోయాడు. నేనూ బ్యూరో నుంచి రిటైరయ్యాను. ఆ రాయి ప్రస్తుతం తన కక్ష్యలో దూరపు చివరన, గురుగ్రహం వైపు ఉంది. ఏ టెలిస్కోపుకూ ఆనదు. అందరూ భయపడిన ఆ తేదీన అది భూమిని తాకదన్నది ఖాయం. అంతకు తర్వాతి దశాబ్దాల్లో భూమికి ఎంత దగ్గరగా వస్తుందన్న లెక్క మాత్రం అది తిరిగే దిక్కు మీద ఆధారపడి ఉంది. అది తన కక్ష్యలో సాగే వైపే తిరుగుతుంటే, ఏటా కొద్దికొద్దిగా సూర్యుడికి దూరమవుతోంది. ఎదురు తిరుగుతుంటే, దగ్గరవుతోంది. హైమవతి కొలతలు ఆ రెండు జవాబులతోనూ సమానంగా సరిపోతున్నాయి.